రోలింగ్ షీల్డు తిరిగిన దారి

ఒళ్లో దుప్పటి మూట పెట్టుకుని కోరుట్ల బస్సులో కూర్చున్నాను. కండక్టర్ దాన్ని పైన అరలో పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. టికెట్ కొట్టి మళ్లీ వచ్చాడు.

"దేవుని పటమా సార్?"

"కాదు."

"మరి గంత గట్టిగ పట్టుకున్నరు?"

మా ఇంటి వస్తువుల గురించి బస్సుల్లో చెప్పుకునే అలవాటు మాకు లేదు. ఇప్పుడు తిరిగొచ్చి తీరిగ్గా రాస్తున్నాను కాబట్టి చెబుతాను. అది హాకీ షీల్డు. టేకు చెక్క, మధ్యలో వెండి పూత రేకు మీద మా తాతగారి పేరు, చుట్టూ వేలెడు వేలెడు రేకులు, ఒక్కో రేకు మీద ఒక్కో ఏడు గెలిచిన జట్టు పేరు. కోరుట్లకూ మెట్‌పల్లికీ మధ్య ఉండే మా ఊళ్లో దసరా సెలవులకు చుట్టుపక్కల జట్లన్నీ ఆ షీల్డు కోసం ఆడేవి. తర్వాత కాలం మారింది. మేం హైదరాబాద్ చేరాం. పోటీలు ఆగాయి, భూములు పోయాయి, కోటలాంటి మా దొరల ఇల్లు, గడి, అమ్ముడుపోయింది. షీల్డు మాత్రం నా దగ్గర మిగిలింది. ఏటా దసరాకు ముందు చింతపండుతో తోమి, మెత్తటి బట్టతో తుడిచి పెడతాను.

ఈ ఏడు దాన్ని అడిగేవాళ్లు ఇద్దరు వచ్చారు. జగిత్యాలలో పిల్లలకు హాకీ నేర్పే రాజేశం ఫోన్ చేసి, ఆరు క్లబ్బులతో లీగు పెడుతున్నామనీ, ప్లేఆఫ్‌లు ఆడించి ఫైనల్ విజేతకు మా షీల్డు ఇవ్వాలనీ కోరాడు. ఆ సంగతి విని కోరుట్ల నుంచి బాబుమియా ఫోన్ చేశాడు. ఒకప్పుడు మా గడి జట్టుకు గోల్‌కీపర్ ఆయన. "లీగుకియ్యకున్రి దొరా. సెలక్షన్ పోటీలకియ్యిన్రి. జిల్లా, స్టేటు, దేశం, గా తొవ్వల పోయేటోళ్లకియ్యిన్రి" అన్నాడు.

ఎవరికివ్వాలో తేల్చుకోవడానికే బయలుదేరాను. కానీ అసలు సంగతి అది కాదు. నాకు సిరిసిల్లలో ఒక మనిషిని చూడాలని ఉంది. పేరు ఏసోబు.

ఏసోబు మా ఊరి మిషన్ స్కూల్ జట్టు కెప్టెన్. కూలి ఇంటి పిల్లవాడు. అంతటి సెంటర్ హాఫ్‌ను నేను మళ్లీ చూడలేదు. ఒక దసరాకు మా షీల్డు ఫైనల్, రాష్ట్ర జట్టు ఎంపిక ఒకే రోజు పడ్డాయి. ఏసోబు ఆ ఎంపికకు సికింద్రాబాద్ పోలేదు. మా మైదానానికి వచ్చాడు. గడి జట్టు కెప్టెన్‌ను నేను. ఒక్క గోలు తేడాతో మమ్మల్ని ఓడించాడు. అది దాచను. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా మా నాన్నగారు షీల్డు చూపించి ఒక మాట అనేవారు: "ఈ షీల్డు ముందు రాష్ట్రం కూడా చిన్నదైందయ్యా, ఒక పిల్లవాడికి." నాన్నగారు పోయాక ఆ మాట నేను చెబుతూ వచ్చాను. కానీ ఏసోబు నోట ఎప్పుడూ వినలేదు. వినాలని ఉండేది. అరవై ఆరేళ్లు వచ్చాయి, ఇంక ఆగలేదు.

కోరుట్ల

బస్సు దిగేసరికి సన్నటి తుంపర. దారి పొడుగునా పసుపు చేలు మోకాలెత్తు లేచి ఉన్నాయి. బాబుమియా హోటల్ పాత బస్టాండు రోడ్డులో ఉంది, నాలుగు బల్లలు, ఒక టీవీ. మస్కట్‌లో ఇరవై రెండేళ్లు లారీ నడిపి వచ్చి పెట్టుకున్న హోటల్. నన్ను చూడగానే గల్లాపెట్టె ముందు నుంచి లేచాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది, మనిషి మాత్రం ఇప్పటికీ గోలు అంత వెడల్పు.

"రాన్రి దొరా, రాన్రి! అరె, చిన్నదొర ముసలోడయిండు గదా!" అని చాయ్ తెప్పించాడు. పైన వేలు మందం మీగడ. పదిహేను రూపాయలట. నా దగ్గర తీసుకోలేదు. నేను బల్ల మీద పెట్టి వచ్చాను.

షీల్డు మూట విప్పమన్నాడు. రేకుల్లో ఒకదాని మీద వేలు పెట్టి నవ్వాడు. "గిది మనం గెలిచిన ఏడు. మీరు రైట్ అవుట్ల ఉరికితె ఎవ్వడు అడ్డం వచ్చెటోడు గాదు. ఎందుకో ఎర్కేనా?"

"వేగం."

"వేగమా! కట్టె దొర కాలుకు తగుల్తదని భయం." హోటల్లో ఉన్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నేను చాయ్ తాగాను. వేగం కూడా ఉండేదని ఇప్పటికీ నా నమ్మకం.

లీగంటే ఎందుకంత కోపమని అడిగాను. ఆయన మస్కట్ సంగతి చెప్పాడు. ఒకసారి అక్కడ ఇండియా, పాకిస్తాన్ ఆడాయి. వీళ్ల కూలీల క్యాంపులో జెండా లేదు. కాషాయం లుంగీ ఒకటి, తెల్లది ఒకటి, ఆకుపచ్చది ఒకటి కత్తిరించి కుట్టారు. చక్రం పెన్నుతో గీశారు. ఆకుపచ్చ లుంగీ ఎవరిదో తెలుసా అని నన్నే అడిగాడు.

"ఎవరిది?"

"పక్క రూమ్ పాకిస్తానోనిది! ప్లంబరు. మా దగ్గర పచ్చ లుంగీ లేకుండె. ఇచ్చిండు పాపం. గెలిచినోళ్లు వండాలె, ఓడినోళ్లు తినాలె అని మాట. గా రాత్రి మేమే వండినం." గొంతు తగ్గించాడు. "తెల్లారి ఫోర్‌మన్ నన్ను పేరు వెట్టి పిలిచిండు దొరా. గప్పటిదాంక 'ఏ హిందీ', అంటె ఏ ఇండియావోడా, అనే పిలుస్తుండె. లీగుల ఏ జట్టు గెలిస్తె నన్ను పేరు వెట్టి పిలుస్తరు? చెప్పున్రి."

మా ఊళ్లో ఆయన్ను పేరు పెట్టి పిలవని వాళ్లు లేరు. ఆ పిలుపు కోసం ఒక దేశం గెలవాల్సి వచ్చిన చోట ఆయన ఇరవై రెండేళ్లు ఉన్నాడు. షీల్డు ఆయనకే ఇచ్చేద్దామా అనిపించింది. కానీ జగిత్యాల కూడా వస్తానని మాటిచ్చి ఉన్నాను. వచ్చేటప్పుడు, ఏసోబు ఎక్కడుంటాడో సరిగ్గా గుర్తులు చెప్పాడు బాబుమియా. చెప్పి, "ఏం అడుగుతరు గాయినను?" అన్నాడు.

"ఊరికే. పాత సంగతులు."

"అడుగున్రి" అన్నాడు, ఇంకేదో చెప్పబోయి మానుకున్నవాడిలా.

జగిత్యాల

జగిత్యాలలో వాన నన్ను రెండు రోజులు కట్టేసింది. మొదటి రోజు ఆటో దిగి మైదానం దాకా నడిచేలోపు దుప్పటి తడిసి ముద్దయింది. రాజేశం ఎదురొచ్చి మూట అందుకోబోయాడు. ఇవ్వలేదు. దాన్ని గుండెకు హత్తుకుని వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. బెంచీ కూడా తడిసే ఉంది. లేచేసరికి ఇస్త్రీ ప్యాంటు వెనక రెండు పలకల అచ్చు పడింది. పిల్లలు చూసి మొహాలు తిప్పుకున్నారు. నవ్వలేదు. మంచి శిక్షణ.

మైదానం మొరం నేల. నడుమ నీళ్లు నిలిచాయి. మా రోజుల్లోనూ అంతే, బంతి ఏ రాయికి తగిలి ఎటు లేస్తుందో తెలియకనే మాకు ఒడుపు వచ్చింది. వాన తగ్గదని తెలిసి అందరం సామాన్ల గదిలోకి చేరాం. అక్కడ చిన్న టీవీ. ప్రపంచ పోటీలు జరుగుతున్న రోజులవి, మన దేశం ఆట వస్తోంది. రాజేశం భార్య పంపిన మక్క గారెలు వేడివేడిగా వచ్చాయి, లేత కంకులు రుబ్బి అల్లం, పచ్చిమిర్చి వేసి కాల్చినవి. హైదరాబాద్‌లో ఇవే ప్లేటు అరవైకి అమ్ముతారు, మక్క వాసన ఉండదు. నేను ఐదు తిన్నాను.

అవతలి జట్టు గోల్‌కీపర్ ఆరడుగుల పైన ఉన్న తెల్లవాడు. మనవాళ్లు కొట్టిన పెనాల్టీ కార్నర్‌ను పడుకుని కాలితో ఆపాడు. గదిలో అందరూ ఉసూరుమన్నారు. ఒక్క జత చేతులు మాత్రం చప్పట్లు కొట్టాయి. చూస్తే శ్రావణి, వెల్గటూర్ నుంచి రోజూ బస్సులో వచ్చి ఆడే డిగ్రీ అమ్మాయి.

"ఏందే శ్రావణీ? మనోళ్ల గోల్ ఆపితె చప్పట్లా?" అన్నాడు రాజేశం.

"గాయిన మనోడే గద సార్! జనవరిల టీవీల వచ్చిన పెద్ద లీగుల మన హైదరాబాదుకు ఆడిండు. గప్పుడు మీరే అన్నరు, మనోడు గోడ లెక్కున్నడు అని."

"గది జనవరి. గిది ఆగస్టు."

"నెల మారితె మనిషి మారుతడా?"

రాజేశం గారె నోట్లో పెట్టుకున్నాడు.

తర్వాత ఆయనే నాకు వివరించాడు. దేశం ఆటంటే తనకూ ప్రాణమేనట. కానీ ఒక్క రోజు బాగా ఆడినవాడు ఎంపికవుతాడు, ఆ రోజు జ్వరమొచ్చినవాడు ఇంటికి పోతాడు. లీగులో అయితే వారం వారం ఆడాలి. ఓడి మళ్లీ లేవాలి. ప్లేఆఫ్‌కు వచ్చేసరికి ఎవరు ఎంతో ఊరంతటికీ తెలిసిపోతుంది. శ్రావణి మధ్యలో అందుకుంది: "ఇండియా టీముల ఎందరికి జాగ సార్? పద్దెనిమిది, ఇరవై. గండ్ల నాకు ఎన్నడు దొరకది, నాకెర్కే. మా లీగుల నాకు ఆరో నంబరు డ్రెస్సున్నది. మా బాపు బస్టాండుల అందరికి చెప్తడు, ఆరో నంబరు మా బిడ్డ అని."

ఆ అమ్మాయే షీల్డును దుప్పట్లోంచి విడిపించి, తన తువ్వాలతో తడి తుడిచింది. వెనక్కి తిప్పింది. అంచులు తడిమింది.

"సార్, గిది ఎన్నేండ్లది?"

"డెబ్భై దాటాయి."

"ఒక్క గీక గూడ లేదు. మా కాలేజీ షీల్డులన్నీ మూలలు పలిగి ఉంటయి. ఒగలింట్ల నుంచి ఒగలింట్లకు పోతయి గద. గిది కొత్తగనే ఉన్నది."

"మా ఇంట్లో వస్తువులు అలాగే ఉంటాయమ్మా" అన్నాను. గర్వంగానే అన్నాను. ఆ అమ్మాయి అమాయకంగా తలూపింది. నేను ఆ రోజు ఆమె మాటను మెచ్చుకోలుగానే తీసుకున్నానని ఇక్కడ రాసిపెట్టాలి.

మూడో రోజు ఎండ కాసింది. షీల్డు ఇక్కడే ఉంచి పొమ్మన్నాడు రాజేశం. ఏసోబును చూసి వచ్చాక చెబుతానన్నాను. "మంచిది సార్. గాయిన్ను గూడ ఫైనల్‌కు తోలుకరాన్రి. పిల్లలకు చూపిస్త" అన్నాడు.

సిరిసిల్ల

వేములవాడ దాటి సిరిసిల్లలో దిగితే ముందు చెవులకు తెలుస్తుంది. ప్రతి సందులోనూ మరమగ్గాల చప్పుడు. మాట్లాడేవాళ్లు అలవాటుగా గొంతు పెంచి మాట్లాడతారు, కోపమని మనం పొరబడతాం. నేనూ పొరబడ్డాను. దారి అడిగితే ఒకాయన నా మీద అరిచినట్టే చెప్పాడు, చివరికి ఇంటి దాకా వచ్చి దిగబెట్టాడు.

ఏసోబు మగ్గాలు బాగుచేసే పనిలో నలభై ఏళ్లు గడిపాడు. షెడ్డు పక్కనే రెండు గదుల ఇల్లు. వరండాలో కింద కూర్చుని, మగ్గంలో దారం తీసుకెళ్లే నాడెను అటూ ఇటూ కొట్టే కర్రను చెక్కుతున్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు. తర్వాత మూట చూశాడు. మూట ఆకారాన్ని బట్టే గుర్తుపట్టాడని నాకు అర్థమైంది.

"చిన్నదొర" అన్నాడు లేస్తూ. "మేరీ, కుర్చెయ్యి బిడ్డా."

ఆయన కూతురు మేరీ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. నేను కూర్చున్నాను. ఆయన నిలబడే ఉన్నాడు. కూర్చో ఏసోబూ అన్నాను. ఇంకో కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో కర్ర అలాగే ఉంది. "గప్పుడు బంతి, గిప్పుడు నాడె. కొట్టుడు మాత్రం తప్పలే" అని నవ్వాడు.

మధ్యాహ్నం అన్నం పెట్టారు. పచ్చిపులుసు, చింతచిగురు వేసిన ఎండు చేపల కూర. మా వంశంలో వాళ్లింట్లో కూర్చుని అన్నం తిన్న మొదటివాణ్ణి నేనే. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మారు వడ్డిస్తుంటే వద్దనలేదు.

చేతులు కడుక్కున్నాక అడిగాను. లోపల టీవీలో దేశం ఆట మొదలైంది, మేరీ చూస్తోంది.

"ఏసోబూ, ఆ రోజు సెలక్షన్ వదులుకుని మా షీల్డు ఆడావు. ఎందుకు?"

"మీ బాపు ఏమనెటోడు?"

చెప్పాను. షీల్డు ముందు రాష్ట్రం చిన్నదైందన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే నవ్వొచ్చి.

"రోలింగ్ షీల్డు అని పాంప్లెట్ల అచ్చేసిండ్రు దొరా. యాదికున్నదా? రోలింగంటె ఏంది సార్ అని మా మిషన్ స్కూల్ సారును అడిగిన. గెలిచినోళ్ల కెప్టెన్ ఇంట్ల ఏడాదుంటది, మల్లేడు ఇంకో ఇంటికి పోతది అన్నడు. మా అవ్వకు చెప్పిన. మా అవ్వ ఎన్నడు గడి లోపటికి రాలే. వాకిలి ఊడ్చిపోయేది. గా షీల్డును వాకిట్ల నుంచే చూసింది. గది మనింట్ల ఏడాదుంటదా బిడ్డా అన్నది. గోడకు సున్నమేసింది. మేకు కొట్టిచ్చింది. సెలక్షన్ మల్లేడు గూడ అస్తది గదా అనుకున్న."

ఆయన కర్రను ఒళ్లో పెట్టుకున్నాడు.

"గెలిచినం. ఫోటో దిగినం. ఫోటోల మీ చెయ్యి గూడ ఉంటది, షీల్డు అంచు మీద. ఫోటో అయినంక మీరు ఏమన్నరో యాదికున్నదా?"

గుర్తుంది. ఇన్నేళ్లూ అదొక మర్యాద అనే గుర్తుంచుకున్నాను. "ఇటియ్యి ఏసోబూ, బరువుంటది" అన్నాను. అందుకుని జీపులో పెట్టుకుని గడికి పోయాను. ప్రతి ఏడూ అంతే జరిగేది. గెలిచినవాళ్లు ఫోటో దిగేవారు, షీల్డు మా హాల్లో మేకుకు చేరేది. రోలింగ్ షీల్డు అనేది దాని పేరని అనుకున్నాను కానీ, ఆ మాటకు ఒక అర్థం ఉందనీ, ఆ అర్థాన్ని ఎవరైనా నమ్ముతారనీ నాకెప్పుడూ తోచలేదు. అంత పెద్ద హాల్లో పెరిగినవాడికి తోచకపోవడం వింత కాదేమో. ఒక్క గీక కూడా లేదన్న శ్రావణి మాట అప్పుడు నాకు సరిగ్గా వినబడింది.

"మీ అమ్మ..."

"ఏమంటది? గా మేకుకు లాంతరు తలిగేసింది."

"సెలక్షన్‌కు మళ్లీ?"

"మల్ల పిలుపు రాలే." మగ్గం కర్రను ఒకసారి వేళ్ల మధ్య తిప్పాడు, స్టిక్ తిప్పినట్టు. "స్టేటుకు పోలేదని గాదు దొరా. పొయినోళ్లందరు ఇండియాకు ఆడిండ్రా? రెండిట్ల ఒక్కటన్న చేతికి రాలే. గదే."

లీగుకివ్వాలా, సెలక్షన్ పోటీలకివ్వాలా అని ఆయన్ను అడగడానికి కూడా వచ్చానని చెప్పాను. రాజేశం మాట, బాబుమియా మాట రెండూ వినిపించాను. బాబుమియా లుంగీ కథకు మళ్లీ నవ్వాడు. అప్పుడు అన్నాడు:

"రెండు పెద్దయే. దేశం పెద్దదే, క్లబ్బు పెద్దదే. లీగుకియ్యిన్రి, ఆడినోడు ఊళ్లె కనవడాలె. రెండు మాటలు మాత్రం రాజేశం సారుకు చెప్పున్రి. ఒగటి, ఫైనలు, సెలక్షన్లు ఒక్క రోజు పెట్టకున్రి. రెండోది, గెలిచినోన్ని ఇంటికి పట్టుకపోనియ్యిన్రి."

నేను దుప్పటి విప్పాను. లీగు ఫైనల్ అయ్యేదాకా ఇది నీ దగ్గరే ఉండనీ అన్నాను. ఆయన చేయి చాపలేదు.

"దానం వద్దు దొరా."

"దానం కాదు."

"అయితె కాయితం రాయున్రి."

మేరీ నోటుపుస్తకం తెచ్చింది. నేను రాశాను, మా ఇంట్లో రాసే పద్ధతిలోనే: "మా కుటుంబం తరఫున ఈ షీల్డు శ్రీ ఏసోబుకు బహూకరించడమైనది." ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో మాట చదివాడు. పెన్ను అడిగాడు. "మా కుటుంబం తరఫున" కొట్టేశాడు. "బహూకరించడమైనది" కొట్టేశాడు. ఏసోబు పేరు పక్కన ఉన్న "కు" కూడా కొట్టేసి, చివర పెద్ద అక్షరాలతో "గెలిచిండు" అని రాశాడు. మిగిలింది చదివి చూసుకున్నాడు: ఈ షీల్డు శ్రీ ఏసోబు గెలిచిండు. కింద సంతకం పెట్టాడు.

మేకు కూడా ఆయనే కొట్టాడు, టీవీ పక్క గోడకు. తగిలించబోతే షీల్డు జారి కింది మూల గోడకు రాసుకుంది. వెండి పూత వేలెడంత లేచిపోయింది. "అయ్యో" అంది మేరీ. నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను. ఆయన రెండోసారికి తగిలించి, దూరం జరిగి, వంకర ఉందేమో చూసి మళ్లీ సర్దాడు. పక్క షెడ్డులో మగ్గాలు ఆపి ఆట చూస్తున్నవాళ్లు ఒక్కసారి కేక పెట్టారు. మనవాళ్లు గోలు కొట్టారని మేరీ చెప్పింది. మేమిద్దరం అది చూడలేదు.

లేచి సెలవు తీసుకోబోయాను. ఏసోబు కాగితం నా ముందుకు జరిపాడు.

"ఆట అయినంక రెండు జట్ల కెప్టెన్లు సంతకం పెట్టాలె గదా. గానాడు మీరు జీపుల పోయిన్రి. స్కోరు కాయితం మీద నాదొక్కనిదే ఉండె."

పెన్ను తీసుకున్నాను. ఆయన సంతకం పక్కన నాది పెట్టాను. కింద ఏ హోదాలో పెట్టానో కూడా రాయమన్నాడు. ఓడిన జట్టు కెప్టెన్ అని రాశాను.